స్వామి జ్ఞానానంద – శూన్యం లెక్క



పోయిన సంచికలో ముగ్గురు అల్లూరి సీతారామరాజు గారి గురించే రాసినారు. ఇద్దరు కొమరం భీం గారి గురించి రాసినారు. నేను కూడా ఒక రాజు గారి గురించే రాస్తున్నాను. కానీ ఈయన విల్లు పట్టలేదు, తుపాకీ పట్టలేదు. ఈయన పట్టుకున్నది గాజు గొట్టాలు, పాదరసం పంపులు. ఈయన పేరు మనలో చాలామంది వినలేదు. నేనూ మొన్నటిదాకా వినలేదు. ఎట్ల విన్నానో ముందు అది చెప్తాను.

మన వాకిట్లో వేపచెట్టు ఉన్నది కదా. ఆకు రాలే కాలంలో ఊడ్చే వంతు మా రూముకు వచ్చింది. పొద్దుగాల 5:30కు ఊడ్చినం. ఒక్క ఆకు లేకుండా ఊడ్చినం. 6:15కు చూసేవాళ్ళు వచ్చేసరికి మళ్ళీ ఆకులు. మేము ఊడ్వలేదని అనుకున్నారు. మళ్ళీ ఊడ్చినం. మళ్ళీ పడినాయి. ఆ రోజు మూడు సార్లు ఊడ్చి, ఉప్మా చల్లారిపోయినంక తిని, క్లాసుకు ఆలస్యంగా పోయినం. నాకు ఏడుపు వచ్చింది. సైన్సు సారు ఎందుకని అడిగితే చెప్పినాను. సారు నవ్వలేదు. ఇదే కష్టం పడి, ఊడ్చిన చోటు ఎంతసేపు శుభ్రంగా ఉంటుందో లెక్క వేసే విద్య మీద లావు పుస్తకం రాసిన తెలుగాయన ఒకరున్నారని చెప్పినారు. ఆయనే స్వామి జ్ఞానానంద.

ఆయన 1896లో భీమవరం దగ్గర గొరగనమూడి అనే ఊరిలో జన్మించినారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. నరసాపురంలో టేలర్ హైస్కూలులో చదివినారు. మన భద్రాచలం దగ్గర పారే గోదావరి నీళ్ళే పాపికొండలు దాటి కిందికి పోయి, ఆ నరసాపురం దిక్కునే సముద్రంలో కలుస్తాయి. కాబట్టి ఆయన మన నీళ్ళు తాగినవారే అని నేను అంటాను. వాళ్ళ నాన్నగారు చదువుకున్నవారు, ఇంట్లో పుస్తకాలు చాలా ఉండేవి. ఈ ఒక్క సంగతిలో ఆయనకూ మనకూ పోలిక లేదు. మా ఇంట్లో ఉన్న పుస్తకం రేషను కార్డు ఒక్కటే.

చిన్న వయసులోనే ఆయనకు సన్యాసం మీద మనసు పోయింది. బుద్ధుడి లాగ ఇల్లు విడిచి హిమాలయాలకు పోయినారు. దాదాపు పది ఏండ్లు అక్కడే యోగం, ధ్యానం చేసినారు. అప్పుడే జ్ఞానానంద అనే పేరు వచ్చింది. ఇల్లు విడిచే ముచ్చట పుస్తకాలలో గొప్పగా రాస్తారు గానీ నాకు అది అంత నచ్చదు. మొదటిసారి ఈ ఆశ్రమ పాఠశాలకు వచ్చిన రాత్రి నేను పెట్టె మీద తల పెట్టుకొని ఎంత ఏడ్చినానో మా రూము వాళ్ళకు తెలుసు. ఆయన కావాలని పోయినారు, నన్ను పంపినారు. అంతే తేడా.

1927లో ఆయన జర్మనీ దేశం పోయినారు. హిమాలయాలలో తాను రాసిన దానిని అచ్చు వేయించడానికని పోయి, యోగం మీద ఉపన్యాసాలు ఇచ్చినారు. డ్రెస్డెన్ అనే పట్టణంలో ఉన్నప్పుడు గణితం, భౌతికశాస్త్రం మీద ఆశ పుట్టింది. అక్కడితో ఆగితే ఆయన కథ నేను రాసేదాన్ని కాదు. ఆశ పుట్టినాక ఆయన క్లాసులో కూర్చున్నారు! అప్పటికి ఆయనకు 30 ఏండ్లు దాటినాయి. గురువుగా పోయిన మనిషి, తనకంటే చిన్నవాళ్ళ పక్కన బెంచీ మీద శిష్యుడిగా కూర్చొని మొదటి నుంచి చదివినారు. తన భాష కాని భాషలో చదివినారు.

నేను ఒకటో తరగతిలో చేరినప్పుడు నాకు కోయ మాట తప్ప తెలుగు రాదు. పలక మీద అ రాయమంటే నీళ్ళు అడుగుతున్నారనుకొని చెంబు తెచ్చినాను. అది ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతారు. అప్పుడు నాకు 6 ఏండ్లు. 30 ఏండ్లకు అట్ల నవ్వించుకోవడానికి ఎంత ధైర్యం ఉండాలో చూడండి.

డ్రెస్డెన్ తరువాత ప్రాగ్ నగరంలో చార్లెస్ విశ్వవిద్యాలయంలో డొలేచెక్ అనే ఆచార్యుని దగ్గర 1930లలో ఎక్స్ కిరణాల మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందినారు. ఇక్కడే శూన్యంతో పని పడింది. ఎక్స్ కిరణాలలో కొన్ని మెత్తనివి ఉంటాయి, అవి గాలిలో కొంచెం దూరం పోయేసరికే ఆరిపోతాయి. వాటిని కొలవాలంటే గొట్టంలో గాలి తీసేయాలి. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఎలక్ట్రాన్లు పోయి తగిలే లోహపు బిళ్ళ మీద మురికి పేరుకుంటే, కిరణాలు లోహం నుంచి కాక మురికి నుంచి కూడా వస్తాయి. పంపులోని నూనె ఆవిరి కూడా ఆ బిళ్ళ మీద నల్లటి మసిగా మారుతుంది. కట్టెల పొయ్యి మీద గిన్నె అడుగు చూసినవాళ్ళకు మసి సంగతి చెప్పనక్కర లేదు.

ఇప్పుడు అసలు సంగతి. సారు బోర్డు మీద చేసి చూపించిన లెక్క ఇది. నేను నోటుబుక్కులో మళ్ళీ నాలుగు సార్లు చేసినాను, సరిపోయింది.

గాలి ఊరికే నిలబడి ఉండదు. అందులోని అణువులు సెకనుకు దాదాపు అర కిలోమీటరు వేగంతో పరుగెత్తుతూ ఒకదానినొకటి గుద్దుకుంటూ, గోడలను గుద్దుతూ ఉంటాయి. దీనినే అణుచలన సిద్ధాంతం అంటారు. మాక్స్‌వెల్ అనే శాస్త్రవేత్త 1860లో ఈ వేగాల లెక్క కట్టినారు. ఒక ఘన సెంటీమీటరు గాలిలో, అంటే చింతగింజ పట్టేంత చోటులో, రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులు ఉంటాయి. కోట్ల కోట్లు అని రెండు సార్లు పొరపాటున రాయలేదు. తునికాకు కట్టకు 50 ఆకులు, వెయ్యి కట్టలకు ఒక బస్తా, అంటే 50,000 ఆకులు. మన అడవిలో చెట్లన్నీ దూసినా ఆ లెక్క రాదు.

గాలి బరువును పాదరసంతో కొలుస్తారు. 1643లో టోరిసెల్లి చేసి చూపించినాడు. మామూలు గాలి 760 మిల్లీమీటర్ల ఎత్తు పాదరసాన్ని నిలబెడుతుంది. పంపు పెట్టి గాలి తీస్తే ఆ ఎత్తు తగ్గుతుంది. తీసి తీసి, ఒక్క మిల్లీమీటరులో పది లక్షల వంతు దాకా తగ్గించినారనుకోండి. అది చాలా మంచి శూన్యమే. అప్పుడు కూడా ఘన సెంటీమీటరుకు 3,000 కోట్లకు పైగా అణువులు మిగులుతాయి. శూన్యం అని పేరే గానీ సున్న కాదు!

ఆ పెట్టెలో ఒక లోహపు ముక్కను బాగా కాల్చి శుభ్రం చేసి పెట్టినారు. దాని మీద చూపుడు వేలి గోరంత చోటు, అంటే ఒక చదరపు సెంటీమీటరు తీసుకుందాం. అందులో అణువులు కూర్చోవడానికి పది కోట్ల కోట్ల చోట్లు ఉంటాయి. ఆ శూన్యంలో సెకనుకు దాదాపు నాలుగు కోట్ల కోట్ల అణువులు వచ్చి దానిని తాకుతాయి. తాకినది తాకినట్టే అంటుకుంటే ఎన్ని సెకన్లలో నిండుతుంది? పదిని నాలుగుతో భాగిస్తే రెండున్నర. రెండున్నర సెకన్లలో అంతా మురికి! ఇంత కష్టపడి గాలి తీసినా, శుభ్రం చేసిన చోటు అయ్యో అనేలోపు కప్పుకుపోతుంది. బయట మామూలు గాలిలోనైతే సెకనులో 30 కోట్ల వంతు చాలు. అంటే మనం గుడ్డతో తుడిచి తళతళలాడుతున్నదని మురిసిపోయే ఏ గిన్నె కూడా నిజంగా శుభ్రంగా లేదు. గిన్నెలు కడిగే వంతు వాళ్ళు ఈ మాట వంటమ్మతో చెప్పవద్దు.

కాబట్టి ఎంత బాగా ఊడ్చినామన్నది కాదు లెక్క, ఎన్ని ఆకులు రాలుతున్నాయన్నది లెక్క. ఒక మిల్లీమీటరులో నూరు కోట్ల వంతు దాకా శూన్యం చేస్తే ఆ రెండున్నర సెకన్లు వెయ్యింతలు అవుతాయి, 40 నిమిషాలు దొరుకుతాయి. అందులో ఇంకా పదో వంతుకు తగ్గిస్తే దాదాపు ఏడు గంటలు. అప్పుడు ఆ ఉపరితలం మీద తీరికగా పరిశోధన చేసుకోవచ్చు. అమెరికాలో కరెంటు బల్బులలో తీగ ఎందుకు చెడిపోతుందో చూస్తూ లాంగ్మూర్ అనే ఆయన ఉపరితలాల శాస్త్రాన్ని పెంచినారు. 1932లో నోబెల్ బహుమతి వచ్చింది. పది లక్షల వంతు శూన్యంలో ఒక్క సెకను ఉంచితే ఎంత తాకుతుందో, దానికి ఆయన పేరే కొలతగా పెట్టినారు.

మరి శూన్యం ఎట్ల చేస్తారు? నేను మొదట పంపు గాలిని గుంజుకుంటుందని అనుకున్నాను, బోరింగు నీళ్ళను గుంజినట్టు. అంత పలుచని గాలిలో అట్ల జరగదట. అణువుకు అణువు దొరకదు. పది లక్షల వంతు శూన్యంలో ఒక అణువు ఇంకొక అణువును గుద్దుకోవాలంటే 50 మీటర్లు పోవాలి. పెట్టె అంత ఉండదు కదా, కాబట్టి అది గోడ నుంచి గోడకే తిరుగుతుంది. తిరిగి తిరిగి తనంతట తాను పంపు మూతిలో పడాలి. వాగులో చేపల బుట్ట పెడతాం. బుట్ట చేపను పిలవదు. వచ్చిన చేపను బయటికి పోనీయదు, అంతే. పాదరసం ఆవిరి పంపు కూడా అటువంటిదే. కింద పాదరసం మరుగుతుంది, ఆవిరి జోరుగా ఒక దిక్కుకు కొడుతుంది, దారిలో పడిన అణువును కిందికి తోసేస్తుంది. దాని వెనుక ఇంకో పంపు దానిని బయట పారేస్తుంది.

కానీ పాదరసం దొంగ. మామూలు వేడికే దాని ఆవిరి ఒక మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉంటుంది. గాలిని తీయడానికి తెచ్చిన పాదరసమే పెట్టెలో నిండిపోతుంది. అందుకని మధ్యలో ఒక వంపు గొట్టం పెట్టి, దానిని ద్రవంగా మార్చిన గాలిలో ముంచుతారు. ఆ చలి సున్నకు కింద 190 డిగ్రీలు. పాదరసం ఆవిరి అక్కడే గడ్డకట్టి ఆగిపోతుంది. ఇంకా ఒక దొంగ ఉంది, అది గోడ. గాజుగోడకు, ఇనుపగోడకు ఎప్పటివో నీటి ఆవిరి అణువులు అంటుకొని ఉండి మెల్లమెల్లగా వదులుతూ ఉంటాయి. చేపల కూర వండిన మట్టికుండ ఎన్నిసార్లు కడిగినా వాసన పోదు, మా అమ్మమ్మ దానిని బోర్లించి మంట మీద పెడుతుంది. శాస్త్రవేత్తలూ అదే చేస్తారు. పెట్టె మొత్తాన్ని గంటల తరబడి వందల డిగ్రీల వేడిలో కాలుస్తూ పంపు నడుపుతారు. అమ్మమ్మకు ఈ మాట చెప్తే, అందులో చదవడానికి ఏమున్నదని అన్నది.

ప్రాగ్ తరువాత స్వామి ఇంగ్లండులో లివర్‌పూల్ పోయి జేమ్స్ చాడ్విక్ దగ్గర పని చేసినారు. 1932లో న్యూట్రాన్‌ను కనిపెట్టిన చాడ్విక్ ఆయనే. అక్కడ బీటా కిరణాల పని. అవి రేడియో ధార్మిక పదార్థం నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు. వాటిని అయస్కాంతంతో వంచి ఎంత శక్తితో వచ్చినాయో చూడాలి. దారిలో గాలి అణువులు గుద్దితే అవి పక్కకు పోతాయి, కొలత తప్పు వస్తుంది. అక్కడా శూన్యమే కావాలి. తరువాత అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి పోయినారు. కాషాయం కట్టి హిమాలయాలకు పోయిన మనిషి మూడు దేశాలు తిరిగి మూడు చోట్లా పంపుల దగ్గరే నిలబడవలసి వచ్చింది. ఎక్కడికి పోయినా చీపురు తప్పలేదు.

అప్పుడు రాసినారు ఆ పుస్తకం. హై వాక్యువా దాని పేరు, మన మాటలో అధిక శూన్యాలు అని చెప్పుకోవచ్చు. 1947లో న్యూయార్కులో వాన్ నోస్ట్రాండ్ వాళ్ళు అచ్చు వేసినారు. శూన్యం వెనుక ఉన్న సూత్రాలు, శూన్యం చేయడం, చేసినది కొలవడం – ఈ మూడూ అందులో ఉన్నాయి. పుస్తకం మీద రచయిత పేరు స్వామి జ్ఞానానంద అనే ఉంది. సారు చెప్పినప్పుడు మా క్లాసులో ఒకమ్మాయి, స్వామి రాసిన శూన్యం పుస్తకం అంటే భక్తి పుస్తకమే కదా అని అన్నది. కొట్టులో వాళ్ళు కూడా అట్లనే అనుకొని భక్తి పుస్తకాలలో పెట్టి ఉంటే ఎంత తమాషాగా ఉండేదో!

కొలవడం అంటే తేలిక అనుకోవద్దు. ఆ పుస్తకం వచ్చిన రోజుల్లో బాగా లోతు శూన్యాన్ని కొలిచే గేజీలో ఒక లోపం ఉండేది. శూన్యం ఎంత పెంచినా ముల్లు పది కోట్ల వంతు దగ్గరే ఆగేది. పంపులు చాలక ఆగిందని చాలామంది అనుకున్నారు. నిజానికి గేజీలోనే మెత్తని ఎక్స్ కిరణాలు పుట్టి, కొలిచే రేకు మీద పడి, లేని గాలిని ఉన్నట్టు చూపించేవి. ప్రాగ్‌లో స్వామి వెంటపడిన కిరణాల జాతివే అవి. 1950లో బేయార్డ్, ఆల్పర్ట్ అనే ఇద్దరు అమెరికాలో ఆ రేకు తీసేసి సన్నని తీగ పెట్టినారు. తీగ మీద కిరణాలు పడే చోటు తక్కువ. ముల్లు కిందికి దిగింది. అక్కడి నుంచి ఉపరితలాన్ని గంటల తరబడి శుభ్రంగా ఉంచే పని బాగా సాగింది. ఇప్పుడు సెల్‌ఫోన్లలో ఉండే చిప్పులు చేసే కొన్ని పెట్టెలలో కూడా ఇంత శూన్యమే వాడతారు.

1947లో స్వామి మన దేశానికి తిరిగి వచ్చినారు. ఢిల్లీలో కొత్తగా పెట్టిన జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసినారు. ఆ తరువాత 1950లలో విశాఖపట్నం వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అణుభౌతికశాస్త్రం నేర్పినారు. దానికి ప్రయోగశాల కట్టి పిల్లల్ని తయారు చేసినారు. ఢిల్లీలోనే ఉండిపోవచ్చు, అమెరికాలోనే ఉండిపోవచ్చు. తెలుగు పిల్లల దగ్గరికి వచ్చినారు. నాకు ఆయన జీవితంలో హిమాలయాల కంటే ఇది ఎక్కువ నచ్చింది. 1969లో ఆయన చనిపోయినారు. ఆ ప్రయోగశాలకు ఆయన పేరే పెట్టినారు.

పోయిన వేసవిలో తునికాకు పని అయిపోయినాక మా అయ్య ఇంక చదువు చాలునని అన్నాడు. తొమ్మిది దాకా మా గుంపులో ఏ ఆడపిల్లా చదవలేదు, ఇంకా ఎందుకని. తునికాకు లెక్క రాసినందుకు కల్లెదారు నన్ను మెచ్చుకున్నాడని చెప్పి, ఆ ఒక్క మాట పట్టుకొని మా అమ్మ కొట్లాడి పంపించింది. వచ్చే వేసవిలో మళ్ళీ ఆ మాట వస్తుంది. అప్పుడు చెప్పడానికి నా దగ్గర 30 ఏండ్లకు బెంచీ ఎక్కిన మనిషి ఉన్నాడు. మా అయ్య ఒప్పుకుంటాడో లేదో చూడాలి. ఆయన మగవాడు, రాజుల ఇంటివాడు అంటాడేమో. దానికి జవాబు ఇంకా ఆలోచిస్తున్నాను.

ఇంక మన వాకిలి సంగతి. సారు లెక్క విన్న తెల్లారి నేను ఊడ్చినాక లోపలికి పోలేదు. మెట్ల మీద కూర్చొని రాలిన ఆకులను లెక్కపెట్టినాను. గాలి లేని రోజు అది. 10 నిమిషాలకు 22 ఆకులు రాలినాయి. రెండో రోజు 10 నిమిషాలకు 24, మూడో రోజు 20. మధ్యరకం 22 అనుకుందాం. 5:30కు ఊడ్చి 6:15కు చూస్తే 45 నిమిషాలు, అంటే 99 ఆకులు. గాలి వీస్తే ఇంకా ఎక్కువ. శాస్త్రవేత్తలైతే ఆకులు రాలకుండా చూసుకుంటారు, మనం చెట్టును ఆపలేము. కొట్టేయనూ వద్దు, ఎండాకాలం దాని కిందనే మన అన్నాలు. అందుకని వార్డెన్ మేడమ్ గారికి మా రూము తరఫున మనవి ఏమంటే, ఊడ్వడం అయిపోగానే మేము గంట కొడతాము, దయచేసి 5 నిమిషాలలో వచ్చి చూడండి. అప్పటికి 11 ఆకులు ఉంటాయి. 11 కంటే ఎక్కువ ఉంటే మళ్ళీ ఊడుస్తాము.